మఫెటీ అంటే ఏమిటని అడిగావు

డెంట్ లోయ, యార్క్‌షైర్
ఫిబ్రవరి, 1889

నా బంగారు తల్లి డైనాకి,

అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ మీ నాన్న క్షేమం, నేను క్షేమం, గొర్రెలు కూడా మంచులోంచి బయటపడి క్షేమం. మన పక్కింటి పెగ్ అత్త నడుము నొప్పి అంటూనే అందరికంటే ముందు నడుస్తోంది కాబట్టి ఆమె కూడా క్షేమమే అనుకో. నువ్వు ఆ కెంట్‌లో, పాదిరిగారి ఇంట్లో, రోజూ ఎండ మొహం చూస్తూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నువ్వు నవంబరులో రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మధ్యలో నువ్వు పంపిన రెండు చిన్న ఉత్తరాలూ అందాయి. "ఇంట్లో ఎవరికీ చేతులు లేవా?" అని రెండోదాంట్లో దెప్పావు. చేతులు ఉన్నాయి తల్లీ. కలం పట్టుకోవడానికి మొహం చెల్లలేదు. ఎందుకో చెబుతాను, ముందు నీ ప్రశ్నల సంగతి చూడనీ.

మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే పని చెబుతానని నా ముందు మాత్రం కుంటుతున్నాడు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. గుడ్లు పెట్టని ఆ మచ్చల కోడి ఇప్పటికీ పెట్టడం లేదు. కోసి పులుసు పెడదామంటే మీ నాన్న ఒప్పుకోడు, దాని మొహం చూస్తే వాళ్ళ మేనత్త గుర్తొస్తుందట. ఓట్స్ రొట్టె కోసం మొహం వాచిపోయానని రాశావు. ఒక కట్ట కాల్చి ఎండబెట్టి ఉంచాను. కిట్ ఓవర్స్‌బీ ఉన్ని మూటలతో రైలు స్టేషనుకి వెళ్ళినప్పుడు పంపిస్తాను. నీ గది కిటికీకి రెండో తెర అడుగు, అడగడానికి సిగ్గుపడకు.

ఇక పెద్ద ప్రశ్న. మఫెటీ అంటే ఏమిటి, ఆ మాట ఎక్కడిది, మన లోయలో ఎవరెవరు దేన్ని అలా పిలుస్తారు, నాయనమ్మని అడిగి రాయమన్నావు. పాదిరిగారు పాత మాటలన్నీ పోగు చేస్తున్నారని, నీ చేతికి ఉన్న జత చూసి ముచ్చటపడ్డారని రాశావు. అంత చదువుకున్న మనిషికి చలికి చేతికి తొడుక్కునే ముక్కతో ఏం పనో నాకు అర్థం కాలేదు. కానీ నీ ఉత్తరం వచ్చిన వారమే అల్లిక వంతు మన ఇంటిది. చుట్టుపక్కల వాళ్ళంతా మన పొయ్యి చుట్టూ చేరారు. నేను గట్టిగా చదివి వినిపించాను. చదవడం నా తప్పే. ఆ పూట ఒక్కరూ సరిగ్గా అల్లలేదు.

మీ నాయనమ్మ తన మూల కుర్చీలో, నడుముకి సూది ఆనించుకునే చెక్క దోపుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ అల్లుతోంది. సూదులు ఆపకుండానే తీర్పు చెప్పేసింది.

"ఇందులో రాసుకునేదేముందే? మణికట్టుకి తొడుక్కునేది మఫెటీ. గొట్టంలా ఉంటుంది. వేళ్ళకి అక్కర్లేదు. పనిచేసే వేళ్ళు వాటంతటవే వెచ్చబడతాయి. పనిచెయ్యని వేళ్ళకి ఎంత ఉన్ని చుట్టినా దండగ."

నేను ఊరుకోలేకపోయాను. "మా స్వేల్ లోయలో మెడకి చుట్టుకునేదాన్ని కదా అత్తయ్యా మఫెటీ అంటాం? మా నాన్న దగ్గు వస్తే ‘నా మఫెటీ ఏదే’ అని అడిగేవాడు."

"మీ వైపు మెడ ఏదో చెయ్యి ఏదో తెలిసేసరికే సగం వయసు అయిపోతుంది," అంది. అందరూ నవ్వారు. ఈ మాట నేను పెళ్ళైన కొత్తలోనూ విన్నాను, ఆ తర్వాత ప్రతి చలికాలమూ విన్నాను.

కిట్ ఓవర్స్‌బీ టీ ఊదుకుంటూ అందుకున్నాడు. మనం అల్లినవన్నీ మోసుకుపోయి కెండల్ బజారులో అప్పజెప్పేది వాడే కాబట్టి లోకమంతా తనకే తెలుసని వాడి ధీమా. "అక్కడ కొట్టువాళ్ళు అరవేళ్ళ దాకా వచ్చేదాన్ని అంటారు పెద్దమ్మా. బొటనవేలికి వేరే గది ఉండాలి. నువ్వల్లింది మఫెటీ అని చేతిలో పెడితే, ‘తక్కిన ముక్క దారిలో పోయిందా?’ అంటారు."

"పోయింది వాళ్ళ బుర్ర!" అంది మీ నాయనమ్మ.

పెగ్ ఊరుకుంటుందా? గడ్డం కింద ఈకలు గుబురుగా ఉన్న కోడిని వాళ్ళమ్మ మఫెటీ కోడి అనేదని చెప్పింది. మీ నాన్న ఉత్సాహంగా, "మా మేనత్తకి కూడా గడ్డం కింద…" అని మొదలుపెట్టి, మీ నాయనమ్మ చూసిన చూపుకి టీ కప్పులో మొహం దాచుకున్నాడు.

ఆ తర్వాత మాట పుట్టుక మీద పడ్డారు. దొరసానులు రెండు చేతులూ దూర్చుకునే బొచ్చు సంచీ ఉంటుంది, మఫ్ అంటారు, దాని పేదింటి కూతురే మఫెటీ అని కిట్ వాదన. పెగ్ వాళ్ళ తాత చెప్పేవాడట, సముద్రం అవతల డచ్చివాళ్ళ నోటి నుంచి ఉన్ని ఓడలతో పాటు దిగిందని ఆమె వాదన. బడిపంతులు ఏదో ఫ్రెంచి మాట చెప్పి, దాని వెనక లాటిను కూడా ఉండొచ్చన్నాడని మీ నాన్న చెప్పాడు, కానీ ఆ మాట ఏమిటో మరిచిపోయాడు. ఎవరికి వాళ్ళు కళ్ళారా చూసి వచ్చినట్టు మాట్లాడారు. మీ నాయనమ్మ అంతా విని, వరస పూర్తిచేసి, సూది మార్చుకుంది.

"మాట ఎక్కణ్ణుంచి వస్తే ఏంట్రా? చలి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుగా, ఆ కొండ మీంచి. అది రాసి పంపండి పాదిరికి."

పాదిరిగారికి ఇవన్నీ రాసి ఇవ్వు. ఎవరిది నిజమో ఆయనే తేల్చుకుంటారు. మణికట్టుది, మెడది, అరవేళ్ళది, కోడిది. మా పూట నవ్వుతో గడిచింది.

నవ్వు ఎక్కడ ఆగిందో కూడా చెప్పాలి. లేచి వెళ్ళబోతూ కిట్ తన చేతులకున్న జత చూపించి, "ఏదైతేనేం, పెద్దమ్మ చేతి మఫెటీ నాకుంది, పెగ్గమ్మకుంది, పెద్దమ్మ కొడుకు లెనార్డ్‌కుంది, కెంట్‌లో ఉన్న పిల్లకీ ఉంది. ఈ గదిలో లేనిది కెజయా ఒక్కదానికే," అన్నాడు నన్ను చూపించి. వాడు సరదాకే అన్నాడు. కానీ సూదుల చప్పుడు ఆగిపోయింది.

"అడిగిన వాళ్ళకి అల్లుతాను," అంది మీ నాయనమ్మ, నా వైపు చూడకుండా.

"ఇచ్చేవాళ్ళు అడిగించుకోరు," అన్నాను నేను, ఆమె వైపు చూడకుండా.

నీకు ఈ సంగతి తెలుసు కానీ ఎందుకలా అయిందో ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పుకోవడానికి పెద్ద గొడవంటూ ఏమీ లేదు, అదే కదా విచిత్రం. ఈ ఇంట్లో ఎవరి మఫెటీ వాళ్ళు అల్లుకోకూడదు, ఇంకొకరు అల్లిపెట్టాలి. మీ నాయనమ్మకి టేపు అక్కర్లేదు. మన మణికట్టు చుట్టూ తన బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా పెట్టేది. బొటనవేలు ఎంతవరకు వేలి మీదికి ఎక్కిందో చూసి ఎన్ని కుట్లు వెయ్యాలో చెప్పేసేది. నీకు ఎన్నిసార్లు అలా చూడలేదూ! చిన్నప్పుడు నీకు గిలిగింతలు పుట్టి పారిపోయేదానివి. ఆ తర్వాత ఆ లెక్క నీకే నేర్పింది.

నేను కాపురానికి వచ్చిన మొదటి చలికాలం, ఒక రోజు పొద్దున రొట్టెల పిండి కలుపుతుంటే మీ నాయనమ్మ నా వెనక వచ్చి నిలబడి, "చెయ్యి ఇలా ఇవ్వు, కొలత చూస్తాను," అంది. నా రెండు చేతులూ మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. "తర్వాత అత్తయ్యా," అన్నాను. అంతే డైనా. నేను అన్నది అంతే. ఆమె సరేనని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను చేతులు కడుక్కుని, ఆమె మళ్ళీ అడుగుతుందని చూశాను. ఈ పిల్లే వచ్చి చెయ్యి చాస్తుందని ఆమె చూసింది కాబోలు. తను అడిగింది కదా, ఇక నేనే వెళ్ళాలని ఆమె లెక్క. అత్తగారు కదా, రెండోసారి ఆమే పిలవాలని నా లెక్క. ఆ చలికాలం గడిచింది, ఆ పైన ఇంకెన్నో గడిచాయి. మా మధ్య తిట్లు లేవు, అలకలు లేవు, ఒకే కుండలో వండుకున్నాం, నువ్వు పుట్టినప్పుడు నా నొసటి చెమట తుడిచింది ఆమే. అయినా నా మణికట్టు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. కొన్నాళ్ళకి నేను ఆశపడటం కూడా మానేశాను.

పాదిరిగారికి ఇక్కడి దాకా చదివి వినిపించు. ఇక్కడి నుంచి నీకు మాత్రమే.

మొదట్లో అందరి క్షేమమూ రాసి నాయనమ్మ పేరు రాయలేదని నువ్వు ఈపాటికి గమనించే ఉంటావు. కంగారుపడుతూనే ఈ కోడి కబుర్లన్నీ చదివి ఉంటావు. నన్ను క్షమించు. మీ నాయనమ్మ పోయింది డైనా. పోయిన వారమే చర్చి పక్కన, మీ తాత పక్కనే పెట్టాం. ఈ ముక్క ముందే రాసి ఉంటే తక్కినదేమీ నువ్వు చదివేదానివి కావని, నేను రాయగలిగేదాన్ని కానని, ఇంతసేపు తిప్పుకుంటూ వచ్చాను.

క్రిస్మస్ వెళ్ళిన కొద్ది రోజులకి, పొద్దున పూట, అల్లుతూ అల్లుతూ సూది జారవిడిచింది. ఎప్పుడైనా చూశావా ఆమె చేతిలోంచి సూది జారడం? నేను వంగి తీసి ఇస్తే పట్టుకోలేకపోయింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మూతి ఒక వైపు లాగేసింది. మీ నాన్న గుర్రం మీద వెళ్ళి సెడ్బర్ నుంచి డాక్టరుని తెచ్చాడు. పాపం ఆయన మంచులో పడి వచ్చాడు. ప్రాణానికి భయం లేదనీ ఉందనీ చెప్పలేనన్నాడు. మాట పోయిందన్నాడు.

మాట పూర్తిగా పోలేదు. ఒక్కటి మిగిలింది. ఏది మిగిలిందో చెబితే నువ్వు నమ్మవు. మఫెటీ.

అన్నిటికీ అదే. నీళ్ళు కావాలన్నా మఫెటీ, దీపం తగ్గించమన్నా మఫెటీ. పిల్లి మంచం ఎక్కితే "మఫెటీ!" అని ఒక్క అరుపు అరిచింది, అది నాలుగు కాళ్ళతో దూకి పారిపోయింది. డాక్టరు కనురెప్ప ఎత్తి చూస్తుంటే గొణిగిన మఫెటీ ఏ తిట్టో నాకు స్పష్టంగా తెలిసింది, ఆయనకి తెలియకపోవడమే మంచిది. మీ నాన్న పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఆయన తల మీద ఎడమ చెయ్యి వేసి మెల్లగా, ముద్దుగా అంది అదే మాట. ఆయన చిన్నప్పటి ముద్దుపేరు పిలిచినట్టే ఉంది. నీ గది గుమ్మం వైపు చూసి కూడా అంది. నీ గురించే అని నాకు తెలుసు. ఆ గుమ్మం వైపు చూసి అనే మాటకి ఇంకో అర్థం ఉండదు.

మిగతావన్నీ అర్థమయ్యాయి డైనా. నాతో అన్నది ఒక్కటే అర్థం కాలేదు.

నేను గంజి తాగిస్తుంటే ఎడమ చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకునేది. "మఫెటీ," అనేది. చెంచా తొణికి దుప్పటి మీద పడేది. గంజి వద్దంటోంది అనుకునేదాన్ని. గిన్నె పక్కన పెడితే మళ్ళీ చెయ్యి చాచేది, వేళ్ళు వంకరగా పెట్టి. "చలేస్తోందా అత్తయ్యా?" అనేదాన్ని. "మఫెటీ, మఫెటీ," అని విసుక్కునేది. చలే అనుకున్నాను. ఆ మాటకి, ఆ చాచిన చేతికి, ఈ లోయలో పుట్టినవాళ్ళెవరికైనా వేరే ఏం తోస్తుంది? ఆమె సొంత జత తెచ్చి తొడిగాను. విదిలించి పారేసింది. అవి పలచబడ్డాయేమోనని, వేళ్ళు కూడా మూసుకునే మందపాటి తొడుగులు తొడిగాను. పంటితో లాగేసుకోబోయింది. జారిపోకుండా మణికట్టు దగ్గర నాడా కట్టాను.

అవును, కట్టాను. నా చేతులతోనే ముడి వేశాను.

ఊళ్ళో తెలిసింది, ఆగ్నెస్ పెద్దమ్మకి ఒకటే చలి, మఫెటీల కోసం కలవరిస్తోందని. ఇంక చూడు. మన వాళ్ళకి ఏ కష్టానికైనా తెలిసిన వైద్యం ఒక్కటే, అల్లడం. మంచు తొక్కుకుంటూ ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో జత ఇచ్చిపోయారు. ఎర్రవి, బూడిదరంగువి, పేర్లు అల్లినవి. కెండల్ బజారులో కొనుక్కొచ్చిన అరవేళ్ళ జత కిట్ తెచ్చి మంచం మీద పెట్టి, "తక్కిన ముక్కతో సహా తెచ్చాను పెద్దమ్మా," అని నవ్వించబోయి, తనే ఏడ్చేశాడు. ఒకదాని మీద ఒకటి తొడిగాం. ఆమె చేతులు ఉన్ని మూటల్లా దుప్పటి మీద పడి ఉండేవి. కొన్నాళ్ళకి చెయ్యి చాచడం మానేసింది. "కుదుటపడింది," అన్నాను నేను మీ నాన్నతో. కుదుటపడిందని సంతోషించాను.

మరి నీకెందుకు రాయలేదు? మీ నాన్న మొదటి రోజే రాయమన్నాడు. ఆయనకి సంతకం దాటి చెయ్యి సాగదని నీకు తెలుసుగా. రోజూ అడిగేవాడు, "దానికి రాశావా?" అని. రాశాను అన్నాను. రాయలేదు. మంచు ఎక్కువ ఉంది, పాదిరిగారి దొరసాని నిన్ను పంపదు, నీ కొలువు పోతుంది, ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవి. అబద్ధాలు. రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి.

నిజం చెబుతాను విను. ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె నా వైపు చెయ్యి చాచడం అదే మొదలు. ఎందుకు చాస్తోందో నాకు తెలియదు, కానీ నా వైపే చాస్తోంది. మీ నాన్న పక్కనున్నా ఆయన్ని వదిలి నన్నే చూస్తోంది. నువ్వు వస్తే నీ వైపు తిరిగిపోతుందని భయపడ్డాను. నువ్వు ఆమె ప్రాణం కదా! కొద్ది రోజులు నన్ను ఒక్కదాన్నే చూడనీ అనుకున్నాను. ఆ తర్వాత రాద్దామనుకున్నాను. కన్న కూతురి మీద ఇలాంటి కుళ్ళు ఏ తల్లికైనా ఉంటుందా? నాకు ఉంది. ఆ కుళ్ళు వల్ల నీకు నాయనమ్మ కడచూపు దక్కలేదు. నువ్వు వచ్చి ఉంటే మొదటి పూటే గంజి గిన్నె నా చేతిలోంచి లాక్కుని, "అమ్మా, నీకు కనబడటం లేదా?" అని అరిచి ఉండేదానివి.

ఒక మధ్యాహ్నం, మంచు వెలుగు గదంతా పరుచుకుని ఉండగా, నిద్రలోనే వెళ్ళిపోయింది. బాధపడలేదు. అది మాత్రం నమ్ము.

కడిగి బట్టలు మార్చడానికి పెగ్ వచ్చింది. ఆమె, నేను, ఇద్దరమే ఉన్నాం. పెగ్ తొడుగులు తియ్యబోయి ఆగిపోయింది.

"ఈ నాడాలేంటే?"

"జారిపోకుండా కట్టాను. చలికి తట్టుకోలేక ఎప్పుడూ చెయ్యి చాస్తూ ఉండేది కదా."

పెగ్ నన్ను వింతగా చూసింది. "చలికా? ఒసే కెజయా, నిజంగానే అంటున్నావా?"

"మరి దేనికి?"

"నీ కొలతే, పిచ్చి మొహమా! నీ కొలత తీసుకుంటోంది. నువ్వు గంజి పోస్తుంటే చూశాను కదా నేను, బొటనవేలూ చూపుడువేలూ ఇలా ఉంగరం చేసి నీ మణికట్టు పట్టుకోబోయింది. నువ్వు చెయ్యి లాగేసుకున్నావు. తెలిసే లాక్కున్నావనుకున్నా. ఆఖరికి కూడా దీని పంతం దీనిదేనని, ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర నిన్ను తిట్టిపోశాను."

నేల మీద కూర్చుండిపోయాను. "తెలిస్తే ఇవ్వనా పెగ్? ఒక్కసారి తెలిస్తే ఇవ్వనా?"

పెగ్ నా పక్కనే కూలబడింది. "నాదీ తప్పే. ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అత్తాకోడళ్ళ మధ్య దూరి ఎవరు మాట పడతారులే అని ఊరుకున్నాను. నీకు తెలియదని నాకెలా తెలుస్తుందే? ఈ లోయలో ఎవరికి తెలియదు ఆమె కొలత!"

నాకూ తెలుసు. ప్రతి ఒక్కరి చేతి మీదా ఆ ఉంగరం చూశాను. నా చేతి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం గుర్తుపట్టలేదు. ఆమె నాకు అల్లాలనుకుంటుందన్న ఆలోచనే నా బుర్రలో లేదు. మాట పోయిన మనిషికి మిగిలిన ఒక్క చేతిని, అది నాతో ఏదో చెబుతుంటే, వెచ్చగా ఉంటుందని మూసి ముడివేశాను. చలి ఆమెకి కాదు డైనా. ఇన్నేళ్ళ నా చలి సంగతి ఆమె మాట్లాడుతోంది.

ఏడ్చి ఏడ్చి లేచాను. పెగ్ నాడాలు విప్పి, ఒక్కొక్క తొడుగూ తీసింది. వేళ్ళు ఇంకా బిగుసుకోలేదు. నేను జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, నా మణికట్టు ఆమె ఎడమ చేతిలో పెట్టాను. బొటనవేలూ చూపుడువేలూ నేనే చుట్టూ దగ్గరికి చేర్చాను. బొటనవేలు వచ్చి చూపుడువేలి మొదటి కణుపు మీద ఆగింది. అదీ నా కొలత. ఇన్నాళ్ళకి తెలిసింది. పెగ్ మీ నాయనమ్మ బుట్టలోంచి బూడిదరంగు ఉన్ని దారం తీసి, ఆ వేళ్ళు ఉన్న చోటే నా చేతికి చుట్టి, తెంపి నా అరచేతిలో పెట్టింది.

నువ్వు రాలేదని ఇన్నాళ్ళూ మీ నాన్న నీ మీద కోపంగా ఉన్నాడు. సమాధి దగ్గర, "దానికి కెంట్ ఎక్కువైపోయింది," అన్నాడు. నేను విని కూడా నోరు విప్పలేదు. ఈ రోజు పొద్దున చెప్పేశాను. నేను రాయనే లేదని, నీకు ఏమీ తెలియదని. టోపీ పెట్టుకుని గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి, బూట్లు విప్పకుండానే, "ముందు దానికి రాయి," అన్నాడు. అందుకే ఇప్పుడు బల్ల దగ్గర కూర్చున్నాను, ఆయన పొయ్యి దగ్గర నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నువ్వు అనాల్సినవన్నీ అను. ఎంత కటువుగా రాసినా చదువుతాను. నాయనమ్మ మంచం, కుర్చీ అలాగే ఉన్నాయి, నువ్వు వచ్చేదాకా ఎవరూ కదపరు. ఆమె సూదులూ నడుము చెక్కా నీవే.

ఆ దారం ముక్క ఈ ఉత్తరంలో మడిచి పెడుతున్నాను. నా చేతికి నేను అల్లుకోకూడదు, ఈ ఇంటి పద్ధతి అది. ఆమె వేళ్ళ లెక్క తెలిసినది ఇప్పుడు నువ్వు ఒక్కదానివే. నన్ను క్షమించగలిగిన రోజున అల్లు తల్లీ. అంతకుముందు వద్దు. కోపంలో అల్లితే కుట్లు బిగుస్తాయి, తొడుక్కోగానే నాకు తెలిసిపోతుంది. క్షమించలేకపోతే అల్లనే వద్దు. దారం మాత్రం పారెయ్యకు. ఆమె నన్ను కొలిచిందని చెప్పడానికి నా దగ్గర ఉన్నది అది ఒక్కటే, అందుకే నీకు పంపుతున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చెయ్యి చాచి ఉన్న
అమ్మ, కెజయా